తెల్ల కుందేలును పంపను

రోజారాణి అక్కకు,

మీ పాప సాన్వి ఏడుస్తోందని మీ తెల్ల కుందేలును వెనక్కి పంపమన్నావట. "అందర్నీ కరుస్తది, నువ్వే ఉంచుకో" అని మా ఇంట్లో వదిలేసింది నువ్వే. ఇప్పుడది మా బూడిదరంగు కుందేలుతో జత కలిసింది. దాని చెవులు నాకుతుంది. మా ఇంటి పక్క మరమగ్గాల చప్పుడులోనూ దాన్ని ఆనుకుని నిద్రపోతుంది. ఎవరినీ కరవడం లేదు. విడదీస్తే రెండూ మేత ముట్టడం లేదు.

నా కడుపు పోయిన కొత్తలో, సాన్వి తొట్టెల ఫంక్షన్‌లో, నేను తొట్టెల ఊపబోతే అందరి ముందు నా చెయ్యి తీసేశావు. "నువ్వు ముట్టకు చెల్లె, నీ ఇంట్ల ఏదీ బతకది" అన్నావు.

కుందేలును పంపను. సాన్వి ఏడిస్తే నువ్వే ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పు: "అది చిన్నమ్మ ఇంట్లనే బతుకుతది, బిడ్డా."

చెన్నూరు నుంచి,
నీ తోటికోడలు