తాబేలుకి మేత వేసే వంతు

అక్కా, బావగారూ,

ముందు కూర్చోండి, కేసు ఇక్కడే నడుస్తుంది! విడాకులతో పాటు మా బుడ్డిదాని సంగతి కూడా తన దేశపు కోర్టులోనే తేల్చాలని వాళ్ళ నాన్న పట్టుబట్టాడు కదా. "పాప ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చింది, అంతే" అని ఆయన లాయరు ఒకటే ఊదరగొట్టాడు.

జడ్జిగారు దాన్ని పక్కగదిలోకి పిలిచి మాట్లాడారు. ఇదేమో గోడ గడియారం చూస్తూ, "తొందరగా పంపించండి మేడమ్, ఈ వారం మా క్లాసు తాబేలుకి మేత వేసే వంతు నాది" అందట! ఆవిడ బయటికొచ్చి, "బడి, డాక్టరు, స్నేహితులు అంతా ఇక్కడే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి తాబేలునెవరు అప్పగిస్తారు? పాప కుదురుగా ఉంటున్నది ఇక్కడే, విచారణా ఇక్కడే" అనేశారు. మా లాయరమ్మ బల్ల కింద నా చెయ్యి నలిపేసింది.

ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు, అప్పుడే ఊరంతా చాటకండి. ఎందుకైనా మంచిదని సర్దిపెట్టుకున్న పెట్టె మాత్రం విప్పేశాను.

మేడమీద కుళాయి కారడం ఆగిందా? దీని చలికోటు పొట్టిదైపోయింది, మీ పెద్దదానిది ఉంటే పంపక్కా. బావగారూ, ఫోనులో దీనికి వినపడేలా వాళ్ళ నాన్నని తిట్టకండి. పిల్లలకి ముద్దులు, మీకు దణ్ణాలు.

మీ చెల్లి

అంచున ఇరికిస్తున్నా: వాళ్ళ నాన్న ఇక వాయిదాలకి ఇక్కడికే రావాలని తెలిసి ఇది ఒకటే గెంతులు. "నాన్నకి తాబేలుని చూపించనా?" అంటోంది. సరేనన్నాను.