ఇంటి మీద జమానత్

మెదకు,
డిసెంబరు 9, 1951.

సంగారెడ్డి జైలులో ఉన్న మరిది గాబ్రియేలుకు,

ప్రభువు పేరున వందనాలు. ఉత్తరం మొదట్లో వందనాలు రాయాలని మిషన్ బడిలో నేర్పారు కనుక రాశాను. అందులో ప్రేమ ఉందేమోనని వెతుక్కోకు. ఇక్కడ మేమంతా క్షేమం అని కూడా రాయాలి. క్షేమంగా లేము కాబట్టి అది రాయడం లేదు.

నీ ఉత్తరం అందింది. నా కంటే ముందు జైలువాళ్లు చదివి ముద్ర కొట్టారు, ఆ తర్వాత ఠాణావాళ్లు చదివారు. నువ్వు అడిగిన సంగతి బజారంతటికీ తెలిశాక నాకు తెలిసింది. మిగిలిన శిక్ష బయట గడపడానికి నిన్ను వదులుతారట, కానీ మెదకులో సొంత ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఇంటిని పూచీ పెట్టి జమానత్ రాసివ్వాలట. నువ్వు పారిపోతే ఆ ఇల్లు సర్కారుది. వదినా, నువ్వు తప్ప నాకెవరున్నారు అని రాశావు. దళంలో తిరిగినన్నాళ్లు లోకంలోని కష్టజీవులందరూ నీవాళ్లే కదా. వాళ్లలో ఒక్కరికీ పెంకుటిల్లు లేదా? మా అమ్మ నాకిచ్చిన ఈ రెండు గదులే కనబడ్డాయా?

అన్న ఆరోగ్యం ఎలా ఉందని చివర్లో ఒక ముక్క రాశావు. చెబుతాను. పెద్ద చర్చిలో విరిగిన బల్లలన్నీ బాగుచేసిన మీ అన్న ఇప్పుడు మంచం మీద తనంతట తాను పక్కకు తిరగలేరు. నడుము కింద గిచ్చినా తెలియదు. ఒకే పక్కన ఉంచితే పుండ్లు పడతాయి కనుక పొద్దున, మధ్యాహ్నం, మాపటివేళ తిప్పాలి. ఒక వైపు నేను పట్టుకుంటాను, రెండో వైపు పక్కింటి షాజహాన్ బీ పట్టుకుంటుంది. పరాయి ఆడమనిషి చెయ్యి వేసినప్పుడల్లా ఆయన సిగ్గుతో కళ్లు మూసుకుంటారు.

షాజహాన్ బీ ఎందుకొస్తుందో నీకు తెలుసు. పోలీసు చర్య అయిన కొత్తలో, టాంగా తోలే ఆమె మొగుడు జహంగీర్‌ను రజాకార్లతో కలిసి దాడికి పోయాడని పట్టుకుపోయారు. ఊళ్లో అందరూ తలుపులు వేసుకున్నప్పుడు మీ అన్న రంపం కింద పెట్టి, అదాలత్‌కు పోయి సాక్ష్యం చెప్పారు. "గా దినమంత జహంగీర్ నా కొట్టంలనే ఉండె సాబ్, టాంగ చక్రం చేయించుకుంటుండె" అన్నారు. ఆ ఒక్క మాటతో జహంగీర్ ఇంటికొచ్చాడు.

ఆరు నెలల తర్వాత అదే అదాలత్‌లో, అదే జడ్జి ముందు, నువ్వూ మీ అన్నా ఒకే బోనులో నిలబడ్డారు. ఓ సాయంత్రం నా ఇంట్లో జొన్నరొట్టె తిని, పోతూ పోతూ కొట్టంలో పలకల చాటున తుపాకి పెట్టిపోయింది నువ్వు. తెల్లారి నిన్ను పట్టుకున్న పటాలం వచ్చి పలకలు లాగేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు. జడ్జి మన భాష రాని మనిషి. ఆయన మాట మున్షీ తర్జుమా చేసి నిన్ను అడిగాడు, తుపాకి ఉన్నట్టు మీ అన్నకు తెలుసా అని. తెలియదు అంటే చాలు. నీకు శిక్ష ఎటూ తప్పదు, ఆయనకు తప్పేది.

నువ్వు గోడవైపు చూస్తూ, "గీ అదాలత్‌ను నేను ఒప్పుకోను. జవాబు చెప్ప" అన్నావు.

మున్షీ మళ్లీ అడిగాడు. నువ్వు గోడనే చూశావు. మా వకీలు తల పట్టుకున్నాడు. జడ్జి తలెత్తకుండా రాసుకున్నాడు. నీకు అయిదేళ్లు, ఆయుధం దాచినందుకు మీ అన్నకు మూడేళ్లు.

రెండో ఏడు ఖైదీల చేత బండలు మోయిస్తుంటే ఒకటి జారి ఆయన నడుము మీద పడింది. ఇక పనికిరాడని మిగిలిన శిక్ష కొట్టేసి బండిలో వేసి పంపారు. దానికి మాఫీ అని పేరు. సామాను ముట్టినట్టు నేను సంతకం పెట్టి తీసుకున్నాను.

ఇప్పుడు ఆ అదాలత్‌కే జమానత్ రాసివ్వమంటున్నావు. అప్పుడు ఒప్పుకోనిది ఇప్పుడెలా ఒప్పుకున్నావు? మీ పార్టీ పోరాటం విరమించిందని విన్నాను. ఆ బుద్ధి రెండేళ్ల ముందు ఒక్క నిమిషం నీకు పుట్టి ఉంటే మీ అన్న ఈ రోజు బాడిసె పట్టుకునేవారు.

నేను కాపురానికి వచ్చేనాటికి నువ్వు తల్లి లేని పిల్లవాడివి. నా కంచంలోనే కలిపి తినిపించాను. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలిందన్నట్టయింది నా బతుకు. ఆమధ్య చర్చి నుంచి జయానందం అయ్యగారు వచ్చి, క్షమించాలమ్మా అని చాలాసేపు బోధించారు. అయ్యగారూ, ఆ పక్క జర పట్టుకోండ్రి, తిప్పుకుంటనే వింట అన్నాను. మళ్లీ రాలేదు.

మీ అన్నకు నీ మీద కోపం లేదు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఈ మధ్య ఆయన ఒక్కటే అడుగుతున్నారు. "ఎలిశిబా, గా ఒక్క మాట వాడెందుకు చెప్పలేదంటవ్? వానికి నేనేమన్న అన్యాలం చేసిన్నా?" గిన్నెలు కడగాలని చెప్పి లేచిపోతాను.

నిన్ను నేను క్షమించలేదు. ముందు ముందు క్షమిస్తానన్న ఆశ కూడా పెట్టుకోకు. ఇంట్లో నీ పేరు వినబడితే నాకు అన్నం సహించదు.

ఇట్లు,
యోసేపు భార్య
ఎలిశిబా
(వదిన అని రాయలేదు, గమనించు.)

తా.క. జమానత్ కాగితం మీద బుధవారం నాడే సంతకం పెట్టాను. జహంగీర్ టాంగా కట్టి నన్ను కచేరీకి తీసుకుపోయాడు. అక్కడి మున్షీ షరతులు రెండుసార్లు చదివి వినిపించాడు. శిక్ష ముగిసేదాకా నువ్వు జమానత్ ఇచ్చినవాళ్ల ఇంట్లోనే ఉండాలి, ఊరు దాటకూడదు, వారానికోసారి ఠాణాలో కనబడాలి. "సోంచాయించుకో అమ్మా, ఇంక రెండున్నరేండ్లు నీ మరిది నీ కండ్ల ముంగటనే ఉంటడు" అన్నాడు. ఆ షరతు ఉందని వినే వచ్చానని చెప్పాను.

షాజహాన్ బీ ఇక రానక్కరలేదు. రెండో వైపు నువ్వు పట్టాలి. పట్టినప్పుడు మీ అన్న ఆ మాట నిన్నే అడుగుతారు. ఆ మంచం దగ్గర మున్షీ ఉండడు, చూడ్డానికి గోడ కూడా దూరం. శనివారం వదులుతారట. పొద్దుటి బస్సుకే రా. మధ్యాహ్నం ఆయన్ను పక్కకు తిప్పే వేళకు నువ్వు ఇంట్లో ఉండాలి.