బడితోట ఖాళీ మడులకు నా సంజాయిషీ

సమర్ దీవి, కలాపియాన్ గ్రామ ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు తెయోదోరో కబిడోగ్, జిల్లా విద్యాధికారి వారి సముఖమునకు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బడితోట చూసుకొను ఉపాధ్యాయిని దెల్ఫా మేడం మీద నేనే ఇచ్చిన ఫిర్యాదును రద్దుచేసి, ఆమె బదిలీని నిలుపుట గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, తమ కార్యాలయం మేడంకు పంపిన సంజాయిషీ నోటీసులో మూడు తప్పులు చూపబడినవి: పిల్లలచేత వెట్టిచాకిరి చేయించుట, తోట మడులు ఖాళీగా ఉంచుట, తిరిగి నాటుటకు విత్తనము సైతం మిగల్చకపోవుట. జవాబు సరిగా లేనిచో వచ్చే సోమవారం నుండి ఆమెను అవతలి దీవి బడికి పంపెదమని కూడా ఉన్నది. జవాబు చెప్పవలసినది ఆమె కాదు, నేను.

1. వెట్టిచాకిరి గురించి. నా కూతురు జెర్లిన్ పుస్తకాల సంచిలో ఎండిన గేదెపేడ మోసుకుపోవుచున్నదని ఫిర్యాదులో వ్రాసితిని. అది తోటకు ఎరువు. పిల్లలందరూ తెచ్చెదరు. అసలు నా బాధ పేడ గురించి కాదు. బడి తెరిచేముందు తల్లిదండ్రులందరం కత్తులు, పారలు పట్టుకొని వచ్చి బడిని బాగుచేయు రోజున, అధ్యక్షుడనైన నేను కోడిపందెం నుండి ఆలస్యముగా, చంకలో పుంజుతో వచ్చితిని. మేడం నన్ను చూసి, "దోరో అన్నా, ఆ కోడిని ఇటివ్వండి, ఈ బకెట్టు పట్టుకోండి. మీ ఇద్దర్లో ఒకరైనా పనిచెయ్యాలి కదా" అన్నారు. అందరూ నవ్వారు. నా భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ సాయంత్రమే తమకు ఫిర్యాదు వ్రాసితిని.

2. ఖాళీ మడుల గురించి. తుఫానులో ఇళ్ల కప్పులు లేచిపోగా ఊరంతా బడిలో తలదాచుకున్నాము. వంతెన కూలినందున సాయం బియ్యం రాలేదు. మేడం ఉన్న కాసిని బియ్యంతో గంజి కాచి, విరిగిన మునగకొమ్మల ఆకు, చిలగడదుంప తీగల చిగుళ్లు, నేలకొరిగిన వంకాయలు అందులో వేసి ఉడికించారు. కావున ఆ మడులు మా కడుపుల్లోకి వచ్చినవి. తమ తనిఖీవారు వచ్చునాటికి తోటలో మిగిలినది తమ ఫొటో ఉన్న బ్యానరు ఒక్కటే. అది ఉడికేది కాదు గనుక మిగిలినది.

అయ్యా, ఇక్కడ ఒక మాట. నా ఫిర్యాదు నకలు అప్పటికే మేడం చేతికి అందినది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే గంజి వరసలో ముఖానికి తువ్వాలు చుట్టుకొని నిలబడ్డాను. ఆమె గరిటె ఎత్తి, "దోరో అన్నా, కంచం దగ్గరికి పెట్టండి, ఒలికిపోతుంది" అన్నారు. ఇంకో గరిటె కూడా పోసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ గంజి నా గొంతు దిగలేదని వ్రాస్తే మర్యాదగా ఉండేది. కాని దిగింది. కంచం కూడా నాకాను. సిగ్గుతో చచ్చిపోయాను.

3. విత్తనముల గురించి. పిల్లలు సీసాలలో దాచిన మొక్కజొన్న, పెసర విత్తనములు వరదనీటిలో కొట్టుకుపోయినవని మనవి. గంజి పలచబడినప్పుడు తల్లులు, "మేడం, ఆ సీసాలు దించండి, పిల్లలు ఏడుస్తున్నారు" అని అడిగినారు. ఆమె, "ఇవి వండేస్తే రేపు మడిలో ఏం వేస్తామమ్మా? మన తోట ఇప్పుడు ఈ సీసాల్లోనే ఉంది" అని ఇవ్వలేదు. తన వంతు గంజి మాత్రం ఆ పిల్లలకే పోసేసినారు. కావున విత్తనము మిగల్చని నేరం ఆమెది కాదు.

తాము దయతలచి నా ఫిర్యాదును చెత్తబుట్టలో వేసి, మేడంను మా బడిలోనే ఉంచవలెననియు, ఈ అర్జీలో నేను దాచినది ఏదియు లేదనియు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తెయోదోరో కబిడోగ్

తా.క. ఇదంతా జెర్లిన్ చేత రాయించాను, దాని అక్షరాలు బాగుంటాయని. మూడోదాని దగ్గర కలం ఆపి, "నాన్నా, సీసాలు పై అరలో కదా ఉన్నాయి, అక్కడిదాకా నీళ్లు రాలేదు కదా?" అంది. "నువ్వు రాయి" అన్నాను. రాసింది. అందుకని ఈ ముక్క నేనే రాస్తున్నాను.

ఇల్లు కూలుతుంటే బియ్యం డబ్బా వదిలేసి పుంజును చంకన పెట్టుకొచ్చినవాణ్ణి నేను. అందరూ గంజి వరసలో ఉన్నప్పుడు ఆ సీసాలు దించి గింజలన్నీ దానికి మేపాను, పందెపు కోడి చిక్కిపోకూడదని. ఖాళీ సీసాలు చూసి మేడం, "పోనీలెండి, ఏ తల్లో బిడ్డ ఆకలి చూడలేక తీసుంటుంది" అంది. ఆ తల్లి ఎవరో బయటపడకూడదనే మీ నోటీసుకు జవాబు రాయకుండా కూర్చుంది.

నిన్న పుంజును కోయించి, మళ్లీ చిగిర్చిన మునగాకు వేసి బడిపిల్లలకు పులుసు పెట్టించాను. ఊరంతా మెచ్చుకుంది. మేడం నాక్కూడా ఓ గిన్నె పోసి, "ఉప్పు సరిపోయిందా అన్నా?" అంది. సరిపోయిందన్నాను. విత్తనాల సంగతి చెబుదామంటే నోరు రాలేదు.

ఎవరి మీద ఏ కాగితం వచ్చినా నకలు వాళ్లకు పంపడం మీ ఆఫీసు పద్ధతి కదా. ఇదీ పంపండి. ఈ కింది ముక్క చించకుండా పంపండి.