మాయ చిన్నదైతే

నాచారం,
18 ఆగస్టు 2007

చి.సౌ. హరిణికి,

అక్క చంద్రిక దీవెనలు. సామర్లకోట చేరాక నువ్వు కాస్త అన్నం ముట్టుకుంటున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట విన్నాకే కాగితం తీశాను. అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు.

బాబు పోయిన దగ్గర్నుంచి నువ్వు నాతో మాట్లాడింది ఒక్కటే మాట, "నేను సరిగ్గా తినలేదా అక్కా?" అని. ఆసుపత్రి వరండాలో మీ అత్తగారు శ్యామలాదేవిగారు అందరి ముందూ అన్నారుగా, శనివారం ఉపవాసాలు మానమంటే విన్లేదని, రామంతాపూర్ నుంచి ఉప్పల్‌కు ఆటోల్లో తిరిగిందని, బిడ్డను ఎండబెట్టి చంపుకుందని. ఆ మాటకు జవాబు ఇప్పుడు చెబుతాను, విను.

గొర్రెల డాక్టర్నని నన్ను ఆటపట్టించేదానివి. మా ల్యాబ్‌లో చేసే పని ఇదే. కొన్ని గొర్రెలకు, చూలు కట్టకముందే, గర్భసంచిలో మాయ అతుక్కునే బొడిపెల్ని కొన్ని కోసి తీసేస్తాం. తర్వాత చూలు నిలిచినా మాయ చిన్నదిగానే ఉండిపోతుంది. తల్లికి మాత్రం దాణాకు లోటుండదు, పచ్చగడ్డికి లోటుండదు. పాకలో పనిచేసే భూషణం కొత్తలో అడిగాడు, "మేడమ్, తల్లి మంచిగనే తింటున్నది, లోపల పిల్ల ఎందుకు పెరుగుతలేదు?" అని. తల్లి తిన్నది మాయ దాటి పిల్లకు చేరాలి కదా. ఆ దారి ఇరుకైతే తల్లి ఎంత తిని ఏం లాభం?

లోపలి పిల్లకు ప్రాణవాయువూ చక్కెరా చాలవు. ఒళ్ళు పెంచే ఇన్సులిన్, థైరాయిడ్ లాంటి హార్మోన్లు దాని రక్తంలో తగ్గిపోతాయి. కష్టంలో ఊరే కార్టిసాల్ పెరుగుతుంది. ఉన్న కాస్త బలాన్నీ మెదడుకూ గుండెకూ పెట్టుకుని, కాళ్ళూ కండలూ ఎండగట్టుకుంటుంది పిచ్చిది.

బాబును గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. పుల్లల్లాంటి కాళ్ళు, ముడతలు పడ్డ తొడలు, నుదురు మాత్రం నిండుగా ఉంది. చూడగానే గుర్తుపట్టాను హరిణీ. అలాంటి గొర్రెపిల్లల్ని ఎన్నింటిని ఎత్తుకున్నానో! మేం కోసి చేసేది నీకు దానంతటదే జరిగింది. నీ ఉపవాసాల వల్లా కాదు, ఆటోల వల్లా కాదు. మర్నాడు పాక దాకా వెళ్ళి లోపలికి అడుగు పెట్టలేకపోయాను. గేటు పట్టుకుని ఏడుస్తుంటే భూషణం "జర కూసోండి మేడమ్" అని స్టూలు వేశాడు. కూర్చున్నాను. లోపల గొర్రెలు మేత కోసం అరుస్తూనే ఉన్నాయి.

తిండి మానకు. పాలు పొంగి నొప్పిగా ఉంటే అమ్మతో చెప్పు, సిగ్గుపడకు.

నీ అక్క,
చంద్రిక

తా.క.: పైన రాయడానికి చెయ్యి రాలేదు, కానీ నీకు తెలియాలి. మళ్ళీ కడుపొస్తే ఏ జాగ్రత్తలు తీసుకోవాలో కనుక్కుందామని నిన్న ఉప్పల్లో నీ డాక్టరు కామాక్షిగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ, "స్కాన్ చూసిన రోజే ఆపరేషన్ చేద్దామన్నానమ్మా, మీవాళ్ళే ఆగమన్నారు" అంది. బిడ్డకు రక్తం సరిగ్గా అందడం లేదు, వెంటనే బయటికి తీస్తే బతికే అవకాశం ఉందని మీ ఆయన వంశీకృష్ణకూ వాళ్ళమ్మకూ విడమరిచి చెప్పిందట. జ్యేష్ఠా మూలా దాటనివ్వండి, ఆ నక్షత్రాల్లో బిడ్డ పుట్టకూడదు అని వాళ్ళు నిన్ను ఇంటికి తీసుకెళ్ళిపోయారు. నువ్వు కంగారుపడతావు, మేమే నెమ్మదిగా చెబుతామన్నారట. నీతో అంతా బాగుందన్నారు. బిడ్డ కదలడం లేదని నువ్వు చెప్పేసరికి అంతా అయిపోయింది. వరండాలో నిన్ను అన్ని మాటలన్నావిడకు ఇదంతా తెలుసు. పక్కన తలొంచుకుని నిలబడ్డ నీ మొగుడికీ తెలుసు.

వచ్చే వారం ఆదివారం అతను నిన్ను తీసుకెళ్ళడానికి వస్తున్నాడట. ముందు ఇది అడుగు. ఏం చెబుతాడో విన్నాక, పెట్టె సర్దుకోవాలో వద్దో నువ్వే తేల్చుకో.