తఅబాన్ అను మాటను దిద్దించుట గురించి

అల్ కుసైర్,
ఎర్రసముద్ర తీరము.

జిల్లా ఆరోగ్యాధికారి వారి సముఖమునకు,
టాక్సీ డ్రైవరు షాజ్లీ అబ్దుల్ మౌగూద్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: బీమా కంపెనీ వారి రికార్డులో నా నోట వెలువడిన ఒక మాటను దిద్దించి, పోలండు దేశస్థులు బోగుమిల్ గారిని ప్రాణముండగానే కైరో పెద్దాసుపత్రికి తరలించుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది:

1. సదరు బోగుమిల్ గారు, వారి భార్య హలీనా గారు మన సముద్రములోని చేపలను చూచుటకై వచ్చియున్నారు. విమానాశ్రయము నుండి హోటలుకు తెచ్చినది నేనే. దారి పొడవునా ఆయన నిద్రపోయినారు. మూడవ నాడు ఫలహారము వద్ద చేతిలోని రొట్టె జారి, మాట పడిపోయి, కూలిపోయినారు. మెదడులో నెత్తురు చిమ్మినదనియు, వెంటనే కైరోలో ఆపరేషన్ చేసినచో బ్రతుకుదురనియు ఇచ్చటి ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు గారు చెప్పియున్నారు.

2. వారు బీమా కట్టియే బయలుదేరినారు. కంపెనీ వారు ఆసుపత్రి విమానమును పంపుటకు ఒప్పుకొని, దిగిన నాడు ఆయనను చూచినవాడనని నాకు ఫోను చేసినారు. మాట్లాడినది కైరో యాస పిల్ల; డ్రైవర్లను అందరూ పిలిచినట్లే నన్ను ఉస్తా అన్నది.

"ఉస్తా, విమానం దిగినప్పుడు పెద్దాయన ఎలా ఉన్నారు?"

"తఅబాన్ తల్లీ. వల్లాహీ, చాలా తఅబాన్. చూస్తే జాలేసింది."

బాగా అలసిపోయినారని నా భావము. జబ్బుతోనే దిగినారని వారు వ్రాసుకొన్నారు. దాచిన పాత జబ్బుకు బీమా వర్తించదట. నోరా వీపుకు తేకే అంటారు గదా, నా నోరు పరాయి మనిషి వీపుకు తెచ్చింది.

3. ఆ మాట మనవైపు ఎన్ని పనులు చేయునో తమకు తెలియనిది కాదు. ఎడారి దాటి వచ్చిన డ్రైవరూ తఅబాన్, జ్వరం తగిలిన బిడ్డా తఅబాన్. మా నాన్న పోయిన నాడు నేను కెనా పట్టణంలో ఉన్నాను. "నాన్న కొంచెం తఅబాన్‌గా ఉన్నాడ్రా, ఓసారి రా" అన్నాడు మా అన్న ఫోనులో. ఆ "ఓసారి రా" వినగానే నాన్న ఇక లేడని నాకు తెలిసిపోయింది. చావు కబురు ఫోనులో దుడుకుగా చెప్పకూడదని మనం అందరం అలాగే అంటాం. ఇన్ని అర్థాలుండగా నా మాటకు ఆ ఒక్కటే ఎందుకు అంటగట్టవలెను?

4. విమానము రాలేదని తమరు అనుకొందురేమో. వచ్చినది. పెద్దాయన ఇంకను ఆసుపత్రిలోనే ఉండగా, హలీనా గారిని ముందుగా విమానాశ్రయమునకు నేనే తీసుకొని వెళ్లితిని. భర్త నడిచి దిగవలసి వచ్చునేమోనని ఆమె ఆయన బూట్లు సంచిలో పెట్టుకొన్నది. తెల్లటి చిన్న విమానము, తలుపు తెరచి యున్నది, లోపల పడక పరచి యున్నది. ఇంతలో పైలటుకు ఫోను వచ్చినది. అతడు మా వంక ఒకసారి చూసి తలుపు వేసుకొన్నాడు. ఖాళీ పడకతో అది ఎగిరిపోతుంటే ఆమె చెయ్యి ఊపింది, పెద్దాయన కోసమే తిరిగి వస్తుందనుకుని.

5. నేను మరల ఫోను చేసి, పొరపాటైనదని, దిద్దుకొమ్మని బ్రతిమాలితిని.

"రికార్డయింది ఉస్తా. పైగా దేవుడి మీద ఒట్టేసి మరీ చెప్పావు."

వల్లాహీ అనకుండా మన ఊళ్లో ఎవడైనా టీ అయినా అడిగాడా అయ్యా?

"మరి ఆయన సంగతేంటమ్మా?"

"వైద్యం మా బాధ్యత కాదు. ఏమైనా జరగరానిది జరిగితే మాత్రం, శరీరాన్ని ఇంటికి చేర్చే ఖర్చంతా మాదే. ఆ షరతు వేరే. విమానం మేమే పంపిస్తాం."

అయ్యా, ఆ పిల్ల ఇది నన్ను ఓదార్చడానికి చెప్పింది.

6. నాటి నుండి ఆసుపత్రి వారి తీరు మారినది. పెద్దాయన మంచమును అద్దాల గది నుండి నడవా చివరకు జరిపినారు. నర్సులు మునుపు "తగ్గుతుంది, ఇన్షా అల్లాహ్" అనేవారు. ఇప్పుడు తల వంచుకొని పోవుచున్నారు. నిన్న లెక్కల గుమాస్తా నన్ను పక్కకు పిలిచి అడిగినాడు:

"ఉస్తా, వీళ్లు క్రైస్తవుల్లో ఏ తెగ?"

"నీకెందుకయ్యా?"

"ఊరికే. కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది."

కావున, నా మాటను నేనే దిద్దుకొనుటకు వాఙ్మూలము తీసుకొని కంపెనీకి పంపవలెననియు, వారు ఒప్పుకొనక పోయినను ప్రభుత్వ అంబులెన్సు ఇప్పించవలెననియు వేడుకొనుచున్నాను. తమ గుమాస్తా "నువ్వు ఆయనకేమవుతావు?" అని నన్ను రెండుసార్లు త్రిప్పి పంపినాడు. ఏమీ కాను. హోటలు గడువు తీరినది గనుక హలీనా గారు మా ఇంటిలోనే ఉన్నారు. నా భార్య నగాత్ వండిన పప్పు పులుసు ముందు పెట్టుకొని, ఇది వ్రాయుచున్న నా చేతినే చూచుచున్నారు. ఆమెకు మన భాషలో వచ్చినది ఒక్కటే మాట. ఏ మాటో తమరు ఊహించగలరు; అలసిపోవుట అని దానికి అర్థం చెప్పినది నేనే.

ఆలస్యము ప్రాణాంతకమని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షాజ్లీ అబ్దుల్ మౌగూద్

తా.క.: అయ్యా, సంతకం చేసి కవరు అంటిస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "ఉస్తా, మీ అతిథి కొంచెం తఅబాన్‌గా ఉన్నారు. అమ్మగారిని తీసుకుని ఓసారి రండి" అన్నారు. అంబులెన్సు అక్కర్లేదు. ఇప్పుడు విమానం వాళ్లే పంపుతారు.

నా మొహం చూసి హలీనా గారు "తఅబాన్?" అని అడిగారు. అవునమ్మా, తఅబాన్ అన్నాను. ఆమె స్థిమితపడి, ఆ బూట్ల సంచి చేతపట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. దీన్ని కూడా దిద్దే అధికారం ఎవరికుందో దయచేసి చెప్పండి.