కుడి ఊపిరితిత్తి మీద మచ్చ

అక్కా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఇవాళ వీసా వైద్య పరీక్షకు వెళ్ళాను. ఫారంలో ఇదివరకు ఊపిరితిత్తుల జబ్బు చేసిందా అన్న చోట లేదని రాయమన్నాడు ఏజెంటు. చెయ్యి రాలేదు, అవుననే రాశాను. ఎక్స్‌రేలో ఎలాగూ మచ్చ కనిపించింది. "మానిపోయిన మచ్చలాగే ఉందమ్మా, అయినా కఫం పరీక్ష తప్పదు" అంది డాక్టరమ్మ. వరసగా మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి కఫం ఇవ్వాలి. ఫలితం రావడానికి రెండు నెలలట. నాతో కుట్టుపని నేర్చుకున్న నలుగురూ సోమవారం విమానం ఎక్కేస్తున్నారు. బయట బెంచీ మీద వాళ్ళు పెట్టెల బరువు గురించి మాట్లాడుకుంటున్నారు.

బీరువా కింది అరలో నా పాత ఎక్స్‌రే, మందుల కోర్సు పూర్తయిందని ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితం ఉన్నాయి. ఎక్స్‌రే మడవకుండా రిజిస్టరు పోస్టులో పంపు. చిన్నదానికి స్కూలు బూట్లు కొన్నారా?

ఇంకో మాట. "జబ్బుగా ఉన్నప్పుడు నీ గదిలో ఎవరు పడుకునేవారు?" అని అడిగింది డాక్టరమ్మ. మా అక్క అన్నాను. "మరి ఆవిడకి పరీక్ష చేయించారా?" అంది. లేదన్నాను. నేను మందులు వాడిన ఆర్నెల్లూ నా పక్కనే పడుకున్నావు, నీ సంగతి ఒక్కరం కూడా అడగలేదు. నెల్లాళ్ళుగా నీకు దగ్గు తగ్గట్లేదని బావగారు రాశారు. నా కాగితాలు ఆలస్యమైనా ఫరవాలేదు, రేపే వెళ్ళి చూపించుకో. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అది మామూలు దగ్గేనని తేలితే ఆ ఒక్క ముక్క రాసి పడెయ్యి, చాలు.

నీ చెల్లి