అంజూర చెట్టు మీద వల

ఫిబ్రవరి 4, బుధవారం

నా చేతిరాత బాగుండదు. ఊళ్ళో అయిదో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే మన్నించాలి. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు.

మా పెరటి వెనక వాగు వెంట ఇక ప్రతి బుధవారం బడిపిల్లలు సైంటిస్టులతో తిరుగుతారట. ఇంత పెద్ద మెల్బోర్న్‌లో ఏ జీవి ఎలా బతుకుతోందో చూడడమే పాఠం. ఒక ఆడ గబ్బిలం మెడకు రేడియో పట్టీ కట్టారు. నా మనవరాలు ఓర్నెల్లా దానికి నోన్నా అని పేరు పెట్టింది. మా ఇటలీ భాషలో నోన్నా అంటే అమ్మమ్మ, నోన్నో అంటే తాత. "తల నెరిసింది, మెడచుట్టూ ఎర్రబొచ్చు శాలువా. చర్చిలో ముందు వరస ముసలమ్మే!" అని నవ్వింది.

ఫిబ్రవరి 11

పళ్ళు రంగు తిరిగాయి. ఇటలీలో మా కాలాబ్రియా నుంచి కోటు లోపల దాచి తెచ్చిన కొమ్మ ఈ అంజూర. మావాళ్ళందరిలాగే నేనూ పాత వల కప్పాను. ఓర్నెల్లా చూసి, "వేలు దూరే వల వెయ్యకూడదు నోన్నో, గబ్బిలాలు చిక్కుకుంటాయి, తీసెయ్," అంది. సరే అన్నాను. పళ్ళు ఓర్నెల్లా కోసమే కదా. ఆదివారం కోశాక తీద్దాంలే అనుకున్నాను.

ఫిబ్రవరి 13

పొద్దున వలలో నల్లగా ఏదో వేలాడుతోంది. గాలికి వచ్చిన గుడ్డనుకున్నాను.

తల నెరిసింది. శాలువా. దాని కింద పట్టీ.

చల్లబడిపోయింది. వల కోసి, చెట్టు మొదట్లో పాతిపెట్టాను. పట్టీ విప్పడానికి చేతులు రాలేదు.

ఫిబ్రవరి 15

ఓర్నెల్లా బుట్టెడు పళ్ళు తింది. చెప్పగానే వల తీసేశానని నా బుగ్గ మీద ముద్దు పెట్టింది.

ఫిబ్రవరి 18

సైంటిస్టు బ్రిజిడ్ పిల్లలతో గేటు దగ్గరికి వచ్చింది. నోన్నా కదలడం లేదట, సిగ్నల్ ఇటే వస్తోందట. "లోపలికి రావచ్చా రోక్కో గారూ?" అని అడిగింది. తలూపాను.

యాంటెన్నా ఓర్నెల్లా చేతిలో ఉంది. అది నడిచేకొద్దీ టిక్ టిక్ గట్టిపడింది. "మీ తాత నోన్నాని పిజ్జాలో వేసుకున్నాడే!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. అదీ నవ్వింది.

చెట్టు దగ్గర ఆగింది. కొత్తమట్టి చూసింది. గోడవార కోసి పడేసిన వల చూసింది. తర్వాత నన్ను చూసింది.

తల దించుకున్నాను.

ఓర్నెల్లా యాంటెన్నాని వాగువైపు తిప్పేసి, "గోడకి తగిలి తిరిగొస్తోంది, ఇక్కడ కాదు, అటు," అంది. బ్రిజిడ్ మా ఇద్దరినీ చూసి, పిల్లల్ని అటు నడిపించింది. వెళ్ళిపోయారు. ఓర్నెల్లా వెనక్కి తిరగలేదు.

ఫిబ్రవరి 22

ఆదివారం. రెండు ప్లేట్లు పెట్టాను. రాలేదు.

మార్చి 1

మా అమ్మాయి ఫోన్ చేసింది. ఓర్నెల్లా వాగుకి వెళ్ళడం మానేసిందట. "దాని గబ్బిలాల పిచ్చి వదిలింది నాన్నా, బతికిపోయాం!" అని సంబరంగా చెప్పింది.

అవునా అన్నాను.

మార్చి 8

చెట్టు మీద వల లేదు. గబ్బిలాలు వస్తున్నాయి, తింటున్నాయి, పోతున్నాయి.

మట్టికింద పట్టీ ఇంకా పిలుస్తూనే ఉంటుంది. నాకు వినపడదు. ఓర్నెల్లాకి ఇంట్లో కూర్చున్నా వినపడుతుంది. ఆ బ్యాటరీ ఎన్నాళ్ళుంటుంది? తెలిసినవాళ్ళు త్వరగా జవాబు రాయండి.